మంట పుడితేనే మంచిదా? గడ్డం గీసుకున్నాక పటిక రుద్దేవారికి

ప్రశ్న: నా వయసు 34. మాది తెనాలి. ఆరు నెలల క్రితం ఆఫ్టర్ షేవ్ లోషన్ మానేసి, కిరాణా కొట్లో కొన్న పటిక వాడుతున్నాను. గడ్డం గీసుకోగానే ముఖమంతా గట్టిగా రుద్ది అలాగే వదిలేస్తాను. బాగా మంట పుడుతుంది. మంట పుడితేనే క్రిములు చస్తాయని మా నాన్నగారు అంటారు. ఆయనకు షుగర్ ఉంది, ఆయనా అదే రాయి వాడతారు. రెండు నెలలుగా నాకు దవడ కింద, మెడ మీద చిన్న చిన్న పొక్కులు వస్తున్నాయి. తగ్గినచోట నల్ల మచ్చలు మిగులుతున్నాయి. రాయి కూడా సబ్బుపెట్టెలో నాని జిగటగా తయారైంది. పటిక మానెయ్యాలా? రాయిని ఎలా ఉంచుకోవాలి?

డాక్టర్ సలహా: పటికను శాశ్వతంగా మానక్కర్లేదు. కానీ ఈ పొక్కులు తగ్గేదాకా, కనీసం మూడు వారాలు, దాన్నీ బ్లేడునూ రెండింటినీ పక్కన పెట్టండి. ఆఫీసులో గడ్డంతో కనిపించడం ఇబ్బందైతే ట్రిమ్మర్ వాడండి, వెంట్రుక ఒక మిల్లీమీటరైనా మిగిలేలా.

ముందు నాన్నగారి మాట సంగతి చూద్దాం. మా ఓపీలో వారానికి ఒకరైనా ఈ మాట చెబుతారు. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. కాస్త నాలుకకు తగిలించి చూసినవాళ్లకు దాని గుణం వేరే చెప్పనక్కర్లేదు. మొదట కొంచెం తియ్యగా, పుల్లగా ఉండి, వెంటనే నేరేడు పండు తిన్నట్టు నోరు పట్టేస్తుంది. ఆ వగరే దాని పని. నోటిలోని మాంసకృత్తులను పేరబెట్టినట్టే, బ్లేడు గీసిన చోట ఊరే రక్తంలోని మాంసకృత్తులనూ పేరబెడుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. చుక్క చుక్కగా వచ్చే రక్తం ఆగిపోతుంది. ఇంత వరకు పటిక నిజంగా మంచి మందే. మందుల షాపుల్లో గడ్డం గాట్లకు అమ్మే పెన్సిల్ లాంటి పుల్లల్లో చాలావాటిలో ఉండేది కూడా పటికో, దాని దగ్గరి చుట్టమైన అల్యూమినియం సల్ఫేటో.

మరి క్రిముల సంగతి? మీది డెల్టా ప్రాంతం కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. కాలవ నీళ్లు తెచ్చుకున్న రోజుల్లో బిందెలో పటిక ముక్కను నాలుగు తిప్పులు తిప్పేవారు. కాసేపటికి బురద అడుక్కి దిగి, పైన తేట నీళ్లు కనిపించేవి. ఆ తేట నీళ్లనైనా కాచి తాగమనే డాక్టర్లు చెప్పేవారు. ఇప్పటికీ మున్సిపాలిటీ ఫిల్టర్ బెడ్డుల్లో ముందు పటిక వేసి మట్టిని దించుతారు, తర్వాత క్లోరిన్ కలుపుతారు. పటిక ఒక్కటే క్రిములను చంపగలిగితే క్లోరిన్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పటిక నీళ్లలో కొన్ని బాక్టీరియాలు సరిగా పెరగలేవు, అది నిజమే. కానీ ముఖం మీద అర నిమిషం రుద్దినంతలో చర్మం శుద్ధి అయిపోయిందనుకోవడం తప్పు.

ఇక మంట. పటిక కరిగిన నీటి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 3 నుంచి 3.5 దాకా ఉంటుంది. మన చర్మం పైపొరది 5కు అటూ ఇటూ. చెక్కుచెదరని చర్మం మీద ఆ పులుపు పెద్దగా తెలియదు. మోచేతి దగ్గర రుద్ది చూడండి, మంట ఉండదు. బ్లేడు పైపొరను గీకేసిన చోటే అది చుర్రుమంటుంది. అంటే మంట పుట్టడం క్రిములు చచ్చాయనడానికి గుర్తు కాదు. ఎక్కడెక్కడ వెంట్రుకతో పాటు తోలు కూడా లేపారో పటిక మీకు ఇచ్చే రిపోర్టు అది. నేనైతే ఆ రిపోర్టు కోసమే పటికను ఇష్టపడతాను. గడ్డం నున్నగా దిగిన రోజున రుద్ది చూడండి, చల్లగా పాకుతుంది తప్ప మంట ఉండదు.

మీ రిపోర్టులో మంట ఎక్కడ ఎక్కువో నేను ఊహించగలను, దవడ కిందా మెడ మీదా. అక్కడ వెంట్రుకలు బుగ్గ మీద మాదిరిగా కిందికే పెరగవు. కొందరికి చెవి వైపుకు, కొందరికి గొంతు గుంట నుంచి పైకి, ఒక్కోసారి సుడి తిరిగి కూడా పెరుగుతాయి. రెండు రోజుల గడ్డం మీద అరచెయ్యి నాలుగు వైపులా నిమిరి చూసుకోండి. ఏ వైపు నిమిరితే గరుకుగా తగలదో అదే వెంట్రుక వాలు. బ్లేడు ఆ వాలునే నడవాలి. నున్నదనం కోసం ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టం కంటే లోపలికి, ఏటవాలుగా, సూది మొనలా తెగుతుంది. అది మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్కకు వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు దిగినట్టే భావించి వాచిపోతుంది. మీ పొక్కుల్లో ఎక్కువ భాగం ఇవే అయి ఉండాలి. చివర తెల్లగా చీము కనిపించేవి ఉంటే, వెంట్రుక కుదురులో బాక్టీరియా చేరిందని అర్థం.

అలాంటి చర్మం మీద రోజూ పటిక గట్టిగా రుద్ది, కడుక్కోకుండా వదిలేస్తే ఏమవుతుంది? అది చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. వెంట్రుక బయటికి వచ్చే దారి మరింత బిగుసుకుంటుంది. మీ నల్ల మచ్చలు పటిక రంగు వల్ల వచ్చినవి కావు. మన చాయ చర్మంలో ఏ వాపు తగ్గినా వెనక నలుపు వదిలి వెళుతుంది, పోవడానికి నెలలు పడుతుంది. ఆ మచ్చలకని పటిక పొడిలో నిమ్మరసమో, రోజ్ వాటరో కలిపి పూసుకునే చిట్కా ఫోన్లలో తిరుగుతోంది, దాని జోలికి పోవద్దు. పొక్కుల మీద గోరువెచ్చని నీళ్లలో ముంచిన శుభ్రమైన బట్టతో రోజుకు రెండు పూటలా ఐదు నుంచి పది నిమిషాలు కాపడం పెట్టండి. గోటితో గిల్లొద్దు, పిన్నీసుతో వెంట్రుకను తవ్వొద్దు. బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకుంటే నలుపు ముదరదు.

ఒక హెచ్చరిక. పొక్కులు గుండ్రంగా చుట్టలా అంచు కట్టి, పొట్టు లేస్తూ, దురద పెడుతుంటే అది తామర కావచ్చు. మందుల షాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాయగానే దురద తగ్గి హాయిగా ఉంటుంది, లోపల తామర మాత్రం పాకుతూ పోతుంది. గడ్డం వరసలో చిన్న చిన్న చదునైన పులిపిర్లు వచ్చినా బ్లేడు ఆపి చూపించుకోవాలి. వాటిని బ్లేడే గీత గీసినట్టు ఒకచోటి నుంచి మరోచోటికి నాటుకుంటూ పోతుంది.

చర్మం కుదుటపడ్డాక పటిక మళ్లీ మొదలుపెట్టొచ్చు. స్నానం చేశాక గానీ, గోరువెచ్చని నీళ్లతో ముఖం తడిపి రెండు నిమిషాలు ఆగాక గానీ గడ్డం గీసుకోండి. నురగ పోయేలా చన్నీళ్లతో కడుక్కోండి. ముఖం తడిగా ఉండగానే, రాయిని కూడా తడిపి, ఒత్తిడి లేకుండా గీసినచోట మాత్రమే ఒకసారి పాకించండి. సబ్బుతో బట్ట తోమినట్టు అక్కర్లేదు. పెదవులకు, కంటి దగ్గరికి పోనివ్వొద్దు. అర నిమిషం, మహా అయితే నిమిషం ఆగి కడిగేయండి. మీరు వదిలేస్తున్నది ఇక్కడే. ఆరిన పటిక చర్మం మీద తెల్లటి పొరలా మిగిలి, చెమట పట్టినప్పుడల్లా మళ్లీ కరిగి చుర్రుమనిపిస్తుంది. తువ్వాలుతో అద్దుకుని, వాసన లేని మాయిశ్చరైజర్ కొంచెం రాసుకోండి. పటిక మీద మళ్లీ స్పిరిట్ వాసన వచ్చే ఆఫ్టర్ షేవ్ దట్టించనక్కర్లేదు.

గాటు పడితే రాయిని తడిపి దాని మీద పది సెకన్లు ఆనించి పట్టుకుంటే చాలు. కారుతున్న రక్తం ఆగకపోతే పటికతో కుస్తీ పట్టకుండా, శుభ్రమైన బట్ట మడిచి ఐదు నుంచి పది నిమిషాలు ఎత్తకుండా అదిమి ఉంచండి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే కట్టిన రక్తం ఊడిపోతుంది.

రాయి సంగతికి వద్దాం. గది వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాములకు పైగా పటిక కరుగుతుంది. సబ్బుపెట్టెలో చెంచాడు నీళ్లు నిలిచినా రోజూ అడుగున కొంత కరిగిపోతుంది. పైగా అందులో నురగ, చర్మం పొట్టు, వెంట్రుక ముక్కలు చేరి మీరు చెప్పిన జిగట తయారవుతుంది. ఆ రాయిని పారేసి కొత్తది తెచ్చుకోండి, ఖరీదు ఎంతని! వాడిన ప్రతిసారీ కుళాయి కింద కడిగి, పొడి బట్టతో తుడిచి, చిల్లులున్న పెట్టెలో నిలువుగా ఆనించి గాలికి ఆరనివ్వండి. షవర్ చిందులు పడే చోట, స్టీలు రేజరుకు ఆనించి పెట్టకండి. పులుపు కదా, తుప్పు తెస్తుంది. బాగా ఆరాక పైన తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడొద్దు, అది పటికే, కడిగితే పోతుంది. చేతి నుంచి జారి గచ్చు మీద పడితే గాజులా పగిలి అంచులు కోసుకుంటాయి. కిరాణా కొట్లో దొరికే రాయి ఎటూ గరుకుగానే ఉంటుంది కాబట్టి, ముందుగా తడి చేసి ఏ నున్నటి రాతి మీదో అంచులు అరగదీసుకుని, పొడి పోయేలా కడిగి వాడండి. శుభ్రం చేస్తున్నామని మరుగు నీళ్లలో వెయ్యకండి, కరిగిపోతుంది. సర్జికల్ స్పిరిట్‌లో పటిక కరగదు, కాబట్టి దానితో తుడవొచ్చు. కానీ తుడిచాం కదా అని ఇంకొకరికి ఇవ్వొద్దు.

పెనం మీద పొంగించిన పటిక పొడిని గడ్డానికి వాడకండి. నీరంతా పోయిన ఆ పొడి తగిలినచోట తేమను లాగేసి రాయి కంటే మోటుగా పనిచేస్తుంది. గుమ్మానికి దిష్టికి కట్టిన పటికను దించి గడ్డానికి వాడేవాళ్లనూ చూశాను. నమ్మకం గురించి నాకు పేచీ లేదు, నా బాధల్లా దాని మీద పేరుకున్న దుమ్ముతోనే.

నాన్నగారికి వేరే రాయి ఇవ్వండి, ఈ రోజే. రక్తం అంటిన పటిక పళ్లు తోముకునే బ్రష్షు లాంటిది, ఒకరిది ఒకరు వాడకూడదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. షుగర్ ఉన్నవారికి చిన్న గాటు కూడా త్వరగా చీము పట్టొచ్చు, కాబట్టి పటిక మీద భారం వేయకుండా రోజూ గాటును చూసుకోమనండి. గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే రక్తం ఆగడం ఆలస్యమవుతుంది, భయపడకుండా అదిమి పట్టుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు మాత్రం అల్యూమినియం ఉన్న ఏ వస్తువునైనా రోజూ వాడే ముందు తమ డాక్టర్ని అడగాలి. మిగతావారికి చర్మం ద్వారా లోపలికి వెళ్లే అల్యూమినియం చాలా తక్కువ.

మీరు అడగలేదు గానీ, సెలూన్‌లో గడ్డం చేయించుకునే అలవాటుంటే ఒక మాట. ఈ రోజుల్లో అందరూ కొత్త బ్లేడు వేయమని అడుగుతున్నారు. కవరు చించి సగానికి విరిచి కత్తికి తొడిగేదాకా కళ్లప్పగించి చూస్తారు. ఆ తర్వాత కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలతారు. చివర్లో వచ్చే పటిక ఎవరి కంటా పడదు. అద్దం కింద పాత డబ్బా మూతలో పెట్టి ఉంటుంది, నడుమ అరిగి గుంట పడి, ఒక పక్క పచ్చగా మారి, రెండు మూడు వెంట్రుకలు అంటుకుని. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరి గాట్ల మీదా తిరిగింది అదే. సెలూన్ ఆయనను తప్పుపట్టక్కర్లేదు, అడిగినవాళ్లు లేరు అంతే. జేబులో పట్టే మూత డబ్బాలో మీ ముక్క మీరు తీసుకెళ్లండి. హెపటైటిస్ బి టీకా మన దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో చేరింది 2011లో. మీ వయసువారిలో చాలామందికి చిన్నప్పుడు పడి ఉండదు. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. దగ్గర్లోని ఆసుపత్రిలో అడిగి మీరూ నాన్నగారూ వేయించుకోండి.

మూడు వారాల్లో పొక్కులు తగ్గకపోయినా, ఈలోపు చీము, జ్వరం, గడ్డలా వాపు కనిపించినా చర్మ డాక్టర్‌కు చూపించండి. చూపించుకునే రోజుకు ముందు రెండు రోజులు ట్రిమ్మర్ కూడా పెట్టకండి. పొక్కులో నుంచి వెంట్రుక ఎటు వస్తోందో కనబడితేనే మాకు సగం జబ్బు తెలిసిపోతుంది. ఇప్పటిదాకా రాసిన ట్యూబులు ఏవైనా ఉంటే, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.