వారంలో రెండు రాత్రులు పాస్తా.. షుగర్ అంచున ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేను, మావారు ఇద్దరం ఉద్యోగులం. ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. అన్నం, కూర, చారు అన్నీ చేసే ఓపిక లేక వారంలో రెండు మూడు రాత్రులు ఒకే గిన్నెలో పాస్తా ఉడికించేస్తున్నాను. అరగంటలో అయిపోతుంది, బయటి నుంచి తెప్పించుకునే ఖర్చూ తగ్గింది. మా తొమ్మిదేళ్ల బాబు ఇష్టంగా తింటాడు. ఈమధ్య మావారికి పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది. ఆయనకు 42 ఏళ్లు. 67 ఏళ్ల మా అత్తయ్యగారికి బీపీ ఉంది, మాత్ర వాడతారు. ‘అదంతా మైదా, పేగులకు అతుక్కుపోతుంది’ అని ఆవిడ రోజూ అంటుంటారు. నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, పాస్తాలో మీల్‌మేకర్ వేస్తుంటాను. అసలు పాస్తా మానేయాలా? మిగిలింది మర్నాడు బాబుకు లంచ్ బాక్సులో పెట్టొచ్చా?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానేయక్కర్లేదు. రోజంతా ఆఫీసులో కష్టపడి వచ్చి, బయటి తిండి తెప్పించకుండా ఇంట్లో వేడిగా వండి పెడుతున్నారు. అదే పెద్ద మేలు. అయితే వండే తీరులో కొన్ని మార్పులు కావాలి. మీ ఉత్తరం నిండా మీవారి షుగర్ గురించిన టెన్షనే కనిపించింది గానీ, నేను ముందు మీ అత్తయ్యగారి బీపీ దగ్గర మొదలుపెడతాను.

ఒకే గిన్నెలో పాస్తా వండటమంటే అత్తెసరు పెట్టడం లాంటిదే, వార్చే పని ఉండదు. మామూలు పద్ధతిలో పాస్తాను బోలెడు నీళ్లలో ఉడికించి వార్చేస్తారు. ఆ నీళ్లలో వేసిన ఉప్పులో చాలా భాగం సింక్‌లోకి పోతుంది. అందుకే వంటల వీడియోల్లో ఎసట్లో గుప్పెడు ఉప్పు వేసినా వాళ్లకు చెల్లుతుంది. మీ గిన్నెలో నీళ్లన్నీ పాస్తాయే పీల్చుకుంటుంది కాబట్టి వేసిన ఉప్పంతా కంచంలోకే వస్తుంది. రోజంతా కలిపి మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పరిమితి కూడా అదే. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. అందులోనే పొద్దుటి టిఫిన్, చట్నీ, మధ్యాహ్నం కూర, పప్పు, ఆవకాయ అన్నీ సర్దుకోవాలి. అవన్నీ అయ్యాక రాత్రికి మిగిలే వాటా చాలా తక్కువ.

చాలామంది ఇళ్లలో జరిగేది ఏమిటంటే, నలుగురి పాస్తాకు ఒకటిన్నర చెంచా ఉప్పు వేస్తారు. దానిమీద పాస్తా మసాలా సాచెట్, ఆపైన చీజ్, చివర్లో కెచప్. ఈ మూడింట్లోనూ మళ్లీ ఉప్పే. ప్యాకెట్ వెనక సోడియం ఎంతో మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 1,000 మిల్లీగ్రాముల సోడియం అంటే రెండున్నర గ్రాముల ఉప్పన్నమాట. ఒక్కసారి లెక్క వేసి చూడండి, సాచెట్ మీరే పక్కన పెట్టేస్తారు. నలుగురికీ కలిపి అర చెంచా ఉప్పు వేసి, ఆ లోటును వెల్లుల్లి, మిరియాల పొడి, పండిన టమాటా, దించాక పిండిన నిమ్మరసంతో పూడ్చండి. ఒరెగానో కొనాల్సిన పని కూడా లేదు. చిటికెడు వాము నలిపి వేస్తే దాదాపు అదే వాసన వస్తుంది, రెండింట్లో ఉండే సుగంధ తైలాలు దగ్గరి చుట్టాలే. ‘లో సోడియం’ ఉప్పు వాడదామనిపిస్తే మాత్రం ఆగండి. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగిపోయే ప్రమాదం ఉంది. అత్తయ్యగారి డాక్టర్‌ను అడగకుండా అది ఇంట్లోకి తేవద్దు.

ఇక మీవారి సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. 6.1 అంటే షుగర్ వ్యాధి వచ్చేసినట్టు కాదు, వెనక్కి తిప్పుకునే అవకాశం బాగానే ఉంది. పాస్తా అనగానే అందరూ బెదిరిపోతారు గానీ, డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసిన పాస్తా రక్తంలో చక్కెరను తెల్లన్నం కన్నా నెమ్మదిగా పెంచుతుంది. ఏ తిండి ఎంత త్వరగా చక్కెరను పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్‌లో పాస్తా 50కి అటూ ఇటూ ఉంటే, తెల్లన్నం రకాన్ని బట్టి 70 చుట్టుపక్కల ఉంటుంది. పాస్తా తయారీలో గట్టి పిండిని అచ్చుల్లోంచి ఒత్తిడితో నొక్కుతారు. అప్పుడు పిండి పదార్థం ప్రొటీన్ వలలో బిగుసుకుపోతుంది. జీర్ణరసాలు దాన్ని చేరడానికి టైమ్ పడుతుంది. ఈ లాభం దక్కాలంటే పాస్తాను ముద్దలా ఉడికించకూడదు. కొద్దిగా పలుకు ఉండగానే పొయ్యి ఆపేయాలి. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి మూడు విజిల్స్ రానిస్తే ఆ వల చెదిరిపోతుంది. పైగా పిండి నురగ విజిల్ రంధ్రానికి అడ్డం పడొచ్చు. మూత ఉన్న వెడల్పాటి గిన్నె చాలు.

ఇండెక్స్ తక్కువ కదా అని కంచం నింపుకుంటే మొదటికే మోసం. 100 గ్రాముల పొడి పాస్తాలో 70 గ్రాములకు పైగా పిండి పదార్థాలు ఉంటాయి. మీవారికి 60 గ్రాముల పొడి పాస్తా సరిపోతుంది. ఉడికాక అది రెట్టింపుకు పైగా తూగుతుంది, కాబట్టి కంచంలో మరీ వెలితిగా ఏమీ కనిపించదు. అందులో 43 గ్రాముల దాకా పిండి పదార్థాలు ఉంటాయి. అదే రాత్రి ఆయన 300 గ్రాముల అన్నం తింటే అవి 80 గ్రాములు దాటతాయి. మన ఇళ్లలో 300 గ్రాముల అన్నం పెద్ద లెక్కేం కాదు, పప్పుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి పెట్టుకుంటే అంత అవుతుంది. కాబట్టి కొలిచి వండిన పాస్తా, కొలవకుండా తిన్న అన్నం కన్నా ఆయనకు నయమే. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకసారి పాస్తా రోజు, ఒకసారి అన్నం రోజు, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసుకోమనండి. 140 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఎప్పుడూ దాటుతుంటే పరిమాణం ఇంకాస్త తగ్గించి, మీ డాక్టర్‌కు ఆ అంకెలు చూపించండి.

అత్తయ్యగారి మైదా అనుమానంలో సగం నిజం ఉంది. మైదా పేగులకు అతుక్కుపోవడం మాత్రం జరగదు. గోడకు పోస్టర్లు అంటించే జిగురు మైదాతో చేస్తారు కాబట్టి ఈ మాట పుట్టి ఉంటుంది. కడుపులోకి వెళ్లాక మైదా కూడా అన్నంలాగే జీర్ణమై పోతుంది. దానితో ఇబ్బంది వేరు. పీచు దాదాపు ఉండదు, త్వరగా అరిగి చక్కెరను త్వరగా పెంచుతుంది. మన దుకాణాల్లో చవకగా, విడిగా దొరికే పాస్తాలో మైదా కలిసి ఉండటం నిజమే. అందుకే ప్యాకెట్ మీద పదార్థాల జాబితా చదవండి. మొదటి పేరు డ్యూరమ్ వీట్ సెమోలినా అయి ఉండాలి. ఎక్కువ బరువున్న పదార్థాన్ని ముందు రాయాలన్నది నియమం. ‘మిల్లెట్ పాస్తా’ అని ముందు పెద్దక్షరాల్లో రాసి, వెనక జాబితాలో మొదట గోధుమ పిండి, ఎక్కడో చివర రాగులు ఉన్నవీ ఉంటాయి. అలాంటి వాటికి అదనంగా డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ.

మీ నలుగురికీ సరిపోయే గిన్నె ఎలా ఉండాలో చెబుతాను. పొడి పాస్తా 250 గ్రాములు, మీల్‌మేకర్ 50 గ్రాములు, కూరగాయలు అర కిలోకు తగ్గకుండా. ఈ చివరి మాట దగ్గరే ఎక్కువ మంది తప్పుతారు. నాలుగు క్యారెట్ ముక్కలు, నాలుగు బఠాణీలు వేసి ‘వెజ్ పాస్తా’ అంటారు. పాస్తా కన్నా కూరగాయలు ఎక్కువ కనిపించాలి. బీన్స్, క్యారెట్, క్యాప్సికమ్, క్యాబేజీ, పాలకూర, ఏ సీజన్‌లో ఏది చవకైతే అది. వెడల్పాటి గిన్నెలో నాలుగు చిన్న చెంచాల నూనె వేసి వెల్లుల్లి, ఉల్లిపాయ వేగనివ్వండి. నాలుగైదు టమాటాలు తరిగి మగ్గించండి. టమాటా నూనెలో మగ్గితే అందులోని లైకోపీన్ అనే ఎర్ర రంగు పోషకం ఒంటికి బాగా పడుతుంది. టమాటా ధర మండిపోయే రోజుల్లో రెండు వేసి, కాస్త చింతపండు రసం పోసినా బాగానే ఉంటుంది. తర్వాత కూరగాయలు, వేడినీళ్లలో నానబెట్టి పిండిన మీల్‌మేకర్, పాస్తా వేసి 650 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి మూత పెట్టండి. మధ్యలో రెండు మూడుసార్లు అడుగంటకుండా కలపాలి. పది పన్నెండు నిమిషాల్లో నీరు ఇగిరి, పిండి చిక్కదనంతో దానంతటదే సాస్ తయారవుతుంది. క్రీమ్, వెన్న అవసరం లేదు. నీళ్లు చాలకపోతే కొద్దికొద్దిగా పోసుకోండి. పాలకూర చివరి నిమిషంలో వేస్తే చాలు.

100 గ్రాముల మీల్‌మేకర్‌లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. అంత తక్కువ ఖర్చులో అంత ప్రొటీన్ ఇచ్చేవి మన కిరాణా కొట్టులో అరుదు. పైన చెప్పిన లెక్కలో మనిషికి 14, 15 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పక్కన ఒక్కో ఉడికించిన గుడ్డు పెడితే 20 దాటుతుంది. గుడ్డు తినని రోజు ఉడికించిన సెనగలు కలపండి. ఈ ప్రొటీన్ ఉండబట్టే మీవారికి పది గంటలకు మళ్లీ బిస్కెట్ల డబ్బా మీదకు చెయ్యి పోదు. ఇంకో చిన్న చిట్కా. ముందు కీరా, క్యారెట్ ముక్కలు, గుడ్డు తినమని, ఆ తర్వాత పాస్తా తినమని చెప్పండి. ఈ వరుసలో తింటే భోజనం తర్వాత చక్కెర తక్కువగా పెరుగుతుంది. తిన్నాక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా సరే పావుగంట నడవాలి. భోజనానికి, పడకకు మధ్య కనీసం రెండు గంటలు ఉంటే టమాటా పులుపుకు ఛాతీలో మంట కూడా రాదు.

బాబుకు 50, 60 గ్రాముల పొడి పాస్తా చాలు. పిల్లలకు ఉప్పు రుచి చిన్నప్పుడే అలవాటవుతుంది కాబట్టి వాడి కంచంలో విడిగా చీజ్, కెచప్ కలపకండి. మొదటి వారం మొహం చిట్లిస్తాడు, తర్వాత సర్దుకుంటాడు. గోధుమ తిన్నప్పుడల్లా కడుపు ఉబ్బరం, తరచూ విరేచనాలు, వయసుకు తగ్గ ఎత్తు, బరువు పెరగకపోవడం లాంటివి ఉంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

లంచ్ బాక్సు విషయంలో నా జవాబు: వద్దు. ఉడికిన పాస్తా, అన్నం గది వేడిలో ఉండిపోతే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. 2008లో బెల్జియంలో ఒక యువకుడు ఐదు రోజులు బయటే ఉన్న స్పగెటీని వేడి చేసుకుని తిని చనిపోయాడు. అది చాలా అరుదైన ఘటన, భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎక్కువ మందికి వాంతులు, విరేచనాలతో ఒక రోజులో తగ్గిపోతుంది. కానీ మన ఎండాకాలంలో గిన్నెను రాత్రంతా పొయ్యి మీదే వదిలేయడం మంచిది కాదు. మిగిలింది అనిపిస్తే వండిన రెండు గంటల లోపు వెడల్పాటి డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పొగలు వచ్చేదాకా వేడి చేసి ఇంట్లోనే టిఫిన్‌గా తినేయండి. ఏడింటికి సర్దిన బాక్సు మధ్యాహ్నం పన్నెండున్నరకు తెరుస్తారు. అంతసేపు నిన్నటి పాస్తా స్కూల్ బ్యాగులో మగ్గడం నాకు ఇష్టం లేదు. చల్లారిన పాస్తాలో ‘రెసిస్టెంట్ స్టార్చ్’ (సులువుగా అరగని పిండి పదార్థం) పెరిగి షుగర్‌కు మంచిదని మీరు వినే ఉంటారు. కొంత నిజమే గానీ, ఆ లాభం చిన్నది. దానికోసం కావాలని మిగల్చక్కర్లేదు.

చివరగా మీ థైరాయిడ్. రాత్రి తిన్న మీల్‌మేకర్ వల్ల పొద్దున వేసుకునే మాత్రకు ఇబ్బంది రాదు. మీల్‌మేకర్‌లోని సోయా ఆ మాత్ర పేగుల్లో ఇంకడాన్ని తగ్గించగలదు, కానీ రెండూ దగ్గర దగ్గరగా తీసుకున్నప్పుడే. పరగడుపున నీళ్లతో మాత్ర వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ, టిఫిన్ తీసుకోండి. ఒకవేళ మీరు మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకునేవాళ్లయితే భోజనం తర్వాత మూడు గంటలు ఆగాలి, ఆ వీలు లేకపోతే ఉదయానికి మార్చుకోవడం గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఐరన్, కాల్షియం మాత్రలు కూడా వాడుతుంటే థైరాయిడ్ మాత్రకు, వాటికి నాలుగు గంటల ఎడం ఉంచండి. మీల్‌మేకర్ కన్నా ఎక్కువ అడ్డుపడేవి అవే.