పై గదిలో 94 దగ్గరే ఆగిపోతోంది, వైరు మార్చాలా?

ప్రశ్న: ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో పైపులు పెట్టించి, ఎలక్ట్రీషియన్‌తో క్యాట్ 6 వైరు లాగించాం. మాది 300 ఎంబీపీఎస్ ప్లాను. కింద రౌటర్ దగ్గర అంతా వస్తోంది. పై గదిలో ల్యాప్‌టాప్‌కి వైరు పెడితే మాత్రం 94 దాటదు, ప్లగ్గు కాస్త కదిపితే అదీ పోతుంది. మొత్తం వైరు మార్చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్. షాపుకెళ్తే నాలుగైదు రకాల కనెక్టర్లు, అదే వైరు కొసకి బిగించే ప్లగ్గులు, ముందు పోశారు. ఏది కొనాలండీ?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: అప్పుడే గోడ జోలికి వెళ్లకండి. మీరు రాసిన 94లోనే సగం జవాబు ఉంది. లైను 100 మీద నడుస్తుంటే స్పీడ్ టెస్టులో కనిపించేది 94, 95. ఆ వైరులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000కి మాత్రం నాలుగూ కావాలి, ఒక్క తీగ సరిగ్గా ఆనకపోయినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. అయితే కింద 300 వచ్చింది వైఫైలోనా, ఇదే ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టా? వైఫైలో అయితే రౌటర్ పోర్టే 100ది కావచ్చు, అప్పుడు కనెక్టర్లు ఎన్ని మార్చినా దండగే.

వైరుతోనే వచ్చిందంటే నా అనుమానం ప్లగ్గు మీదే. క్యాట్ 6 తీగ సాధారణంగా 23 గేజ్, అంతకంటే పాత రకమైన క్యాట్ 5ఈ తీగ 24, అంకె తగ్గితే తీగ లావు. 5ఈ ప్లగ్గులో ఆ లావు తీగలు పట్టవు, బలవంతాన తోస్తే ఒకటో రెండో చివరిదాకా వెళ్లవు. కాబట్టి క్యాట్ 6ది అడగండి, దానితోపాటు 'సింగిల్ స్ట్రాండ్ వైరుకి' అని కూడా చెప్పండి. గోడలోది ఒంటి రాగి తీగ. సన్నటి పోగులు కలిపి చేసిన తీగ కోసం తయారైన ప్లగ్గు పళ్లు దాన్ని గట్టిగా పట్టుకోలేవు, మొదట్లో పనిచేసి తర్వాత లూజవుతాయి.

నన్నడిగితే గోడలోంచి వచ్చిన వైరుకి అసలు ప్లగ్గే వద్దు. గోడకి బిగించే నెట్ పాయింటు, అంటే ఐఓ సాకెట్ పెట్టించండి, కొందరు కీస్టోన్ జాక్ అంటారు. అది ఒంటి తీగ కోసమే చేసింది. అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి కంపెనీలో తయారైన మీటరు పొడవు ప్యాచ్ కార్డు (రెండు కొసలా ప్లగ్గులున్న వైరు) చాలు, రోజూ పీకి పెట్టినా పాడైతే ఆ కార్డే పాడవుతుంది.

రంగుల వరస దగ్గర చాలామంది బోల్తాపడతారు. ఒక్కో జతనీ పక్కపక్కనే పెట్టుకుంటూ పోతే నెట్ వైరు టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి కానీ స్పీడు రాదు. మన దగ్గర ఎక్కువగా వాడే బి వరసలో ఆకుపచ్చ జత విడిపోయి 3, 6 స్థానాల్లోకి వెళ్లాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే. జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పనివ్వకండి.

లోహపు తొడుగున్న ప్లగ్గులు మీకు అక్కర్లేదు, అవి లోపల ఫాయిల్ చుట్టిన వైరుకి. క్యాట్ 8 అని రాసి ఉన్నదీ వద్దు, ప్లగ్గు మారితే గోడలో వైరు క్యాట్ 8 అయిపోదు కదా! తీగలు ముందునుంచి బయటికొచ్చే రకం కొత్తవాళ్లకి సుఖమే, రంగులు చూసుకుని నొక్కొచ్చు, కానీ ప్లగ్గు నొక్కడానికి కొసలు కోసే బ్లేడున్న క్రింపింగ్ టూలే వాడాలి.

పాత ప్లగ్గు కోశాక ఒక తీగని చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత వేసిన అల్యూమినియం, అప్పుడు మాత్రం ఎలక్ట్రీషియన్ మాటే నిజం. అయినా పైపు ఉందిగా, పాత వైరు కొసకి కొత్తది కట్టి లాగించండి.