హెడ్ దించకముందే లీకేజీ ఎక్కడో తేల్చండి

ప్రశ్న: నెల కిందట నా సొంత కారుకు సర్వీస్ చేయించాను. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చారు, రేడియేటర్ పై హోస్ పైపు కొత్తది వేశారు. ఇరవై రోజులు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఒకరోజు దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత తాకింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఆపి, చల్లారాక చూస్తే కూలెంట్ బాటిల్ ఖాళీ. నీళ్లు పోస్తే ముల్లు దిగింది. మెల్లగా పది కిలోమీటర్లు నడిపి అదే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి, వేడెక్కాక నడపడం మీ తప్పే అంటున్నారు. ఎస్టిమేట్ మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా? కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: సంతకం ఇప్పుడే పెట్టకండి. మీ కేసు నిలవాలంటే ఇంజన్‌లో ఏం పోయిందో చెబితే సరిపోదు, కూలెంట్ ఎక్కడి నుంచి పోయిందో చూపించాలి. హెడ్ దించాక ఆ సంగతి తేల్చడం చాలా కష్టం. ఎందుకంటే హెడ్ దించాలంటే ముందు కూలెంట్ అంతా వదిలేస్తారు, హోస్ పైపులు ఊడదీస్తారు, అక్కడక్కడా తుడిచేస్తారు. మీకు కావలసిన సాక్ష్యం ఆ తుడుపుతోనే పోతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం చేసిన పనిలో నాణ్యత తగ్గినా, నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగినా, చెప్పాల్సిన విషయాన్ని కావాలని దాచినా అది సేవాలోపమే. కానీ సర్వీస్ తర్వాత బండి చెడిపోయింది కాబట్టి సర్వీస్ వల్లే చెడిపోయింది అంటే ఏ వినియోగదారుల కమిషనూ ఒప్పుకోదు. ఆ రెండింటినీ కలిపే ముడి చూపించాల్సింది మీరే.

ఆ ముడి మూడు నాలుగు రకాలుగా ఉండొచ్చు. వాళ్లు వేసిన హోస్ దగ్గరే కారి ఉంటే మీ కేసు గట్టిది. వాటర్ పంప్ దగ్గర కారి ఉంటే ఇంకో ప్రశ్న వస్తుంది. అది సర్వీస్ నాటికే కారుతోందా, లేదా? వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగిపోతే కూలెంట్ అక్కడి నుంచి బయటికి వస్తుంది. చాలా రోజులుగా కారుతుంటే అక్కడ కూలెంట్ రంగులోనే ఎండిన పొక్కులా గట్టిపడి ఉంటుంది. నిన్న మొన్న మొదలైన లీకు అలా కనబడదు. పాత మరక ఉంటే, కూలెంట్ మార్చిన చెయ్యి దాన్ని చూడకుండా ఎలా ఉంది అని నిలదీయొచ్చు. రాయి తగిలి రేడియేటర్‌కు కన్నం పడి ఉంటే మాత్రం వాళ్ల మీద కేసు మరచిపోండి. ఇవేవీ కాకుండా గాస్కెట్టే ముందు పోయి కూలెంట్‌ను సిలిండర్‌లోకి లాక్కుని ఉండొచ్చు. అప్పుడు బయట చుక్క కూడా కనబడదు, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వస్తుంది.

ఇది తేల్చడానికి ప్రెషర్ టెస్ట్ అని సులువైన పద్ధతి ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, అక్కడ చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా గాలి ఎక్కిస్తారు. సాధారణంగా అది 1 బార్ దరిదాపుల్లో ఉంటుంది. గేజ్ ముల్లు పడిపోతుంటే లీకు ఉన్నట్టే. గాస్కెట్ పోయిందని తెలిశాక ఈ పరీక్ష ఎందుకు అని వాళ్లు అనొచ్చు. గాస్కెట్ పోయినా ముల్లు పడుతుంది, నిజమే. మీరు చూడాల్సింది ముల్లు కాదు, చుక్క ఎక్కడ పడుతోందో. టార్చ్ లైటు వేసి హోస్ మొదలు, క్లిప్పు, వాటర్ పంప్ అడుగు అన్నీ ఆ ఒత్తిడిలో ఉండగానే వీడియో తీయండి. గాస్కెట్ సంగతికి వేరే పరీక్ష ఉంది. నీలం రంగు ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మూత దగ్గర పెట్టి గాలి లాగుతారు. పెట్రోలు బండిలో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఆయిల్ మూత కింద మీగడలా తెల్లగా ఉంది కాబట్టి గాస్కెట్ పోయింది అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి. తక్కువ దూరాలే తిరిగే బండికి చెమ్మ పట్టినా అలాగే ఉంటుంది.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. స్కానర్ పెట్టి చూడమనండి, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చెరపకముందే. ఇంజన్ అతిగా వేడెక్కిన కోడ్ పడి ఉంటే, దాంతోపాటు ఆ క్షణంలో కూలెంట్ వేడి, బండి వేగం లాంటివి కంప్యూటర్‌లో నిలిచి ఉంటాయి. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అదీ పోతుంది. ఆ స్క్రీన్ ఫొటో మీ దగ్గర ఉండాలి.

కొన్నేళ్ల కిందట ఒకాయన ఇలాంటి గొడవతోనే నా దగ్గరికి వచ్చి, పాలిథిన్ కవర్‌లోంచి హోస్ పైపు తీసి బల్ల మీద పెట్టాడు. దాని అంచు మీద క్లిప్పు పట్టిన గుర్తు ఒకవైపు లోతుగా, ఒకవైపు అసలు లేనట్టుగా, వంకరగా ఉంది. క్లిప్పు సగమే కూర్చుందని చూడగానే తెలుస్తోంది. నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ ఎదుటి లాయరు ఒకే ప్రశ్న అడిగారు: ఇది ఆ కారుదేనని ఏమిటి రుజువు? బండిలో ఉండగా తీసిన ఫొటో ఒక్కటి లేదు. అందుకే మొదటి ఫొటో బానెట్ ఎత్తగానే, నంబర్ ప్లేటు కనిపించేలా దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి వెళ్లమంటున్నాను. మీ హోస్‌ను వాళ్లే అమ్మారు కాబట్టి, రబ్బరులోనే లోపం ఉందనిపిస్తే వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద దాన్ని సీలు వేయించి ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ను అడగొచ్చు.

ఇక మీ పది కిలోమీటర్లు. ఇది మీకు బలహీనమైన చోటు, మెత్తగా చెప్పి లాభం లేదు. వేడెక్కిన ఇంజన్‌ను నడపకుండా లాగించుకుని వెళ్లాలన్నది బండితో ఇచ్చే పుస్తకంలో మామూలుగా ఉండే మాటే. ముల్లు దిగింది కదా అని మీరు నడిపారు, అది నమ్మదగ్గ మాటే. అయితే కూలెంట్ మట్టం, వేడిని కొలిచే సెన్సర్ కంటే కిందికి పోతే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు సరిగా చూపించకపోవచ్చని వాళ్ల మెకానిక్కు తెలుసు. లీకు వాళ్ల తప్పేనని తేలినా, హెడ్ వంగడంలో మీ వాటా ఉందని పరిహారం తగ్గించవచ్చు. అలాగని ఈ సంగతి దాచకండి. వాళ్లకు పంపే లాయర్ నోటీసులో మీరే రాయండి. బండి ఆగిన సమయం, నీళ్లు పోసిన సమయం, సర్వీస్ సెంటర్ చేరిన సమయం ఫోన్‌లో కాల్స్ చూసి రాసిపెట్టుకోండి. ఆగకముందే గాస్కెట్ పోయి ఉండొచ్చన్న వాదన మీకు మిగిలే ఉంటుంది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. యంత్రం చెడిపోవడం మామూలు పాలసీలోకి రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా తీసుకునే ఇంజన్ కవర్) ఉంటే షరతులు చదివి, విప్పకముందే సర్వేయర్‌ను పిలవండి.

సంతకం పెట్టకపోతే బండి ఇవ్వరేమో అన్న టెన్షన్ వద్దు. శ్రమ, నైపుణ్యం పెట్టి చేసిన పనికి డబ్బు రానంతవరకు వస్తువును అట్టిపెట్టుకునే హక్కు రిపేరు చేసినవాళ్లకు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇచ్చింది. కానీ అది చేసిన పనికే. ఇప్పటిదాకా వాళ్లు చేసింది పరీక్షే కాబట్టి, ఆ చార్జీ ఎక్కువనిపించినా కట్టి, రసీదు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి బండిని లాగించుకుపోవచ్చు. సంబంధం లేని మెకానిక్కుతో పరీక్ష చేయించి, ఏం చూశాడో, ఎలా చూశాడో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఆ పరీక్షకు రమ్మని సర్వీస్ సెంటర్‌కు ముందే మెయిల్ పెట్టండి. వచ్చినా రాకపోయినా మీకు మంచిదే.

కేసు వేయడానికి ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు (వినియోగదారుల చట్టం సెక్షన్ 69). మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. సొంత వాడకం కారు కాబట్టి వాణిజ్య అవసరం అనే అభ్యంతరం రాదు. ముందు లాయర్ నోటీసు ఇవ్వండి, కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది.

ఈ లోపు సర్వీస్ సెంటర్‌కు ఈరోజే మెయిల్ చేయండి, ఇంత చాలు: “నా రాతపూర్వక అనుమతి లేకుండా ఇంజన్ విప్పవద్దు. స్కానర్ కోడ్‌లు చెరపవద్దు. హోస్ పైపు, క్లిప్పులు, రేడియేటర్ మూత ఉన్నచోటే ఉంచండి. గత సర్వీస్ జాబ్ కార్డ్, వాడిన కూలెంట్, భాగాల బిల్లుల కాపీలు పంపండి.” జవాబు వచ్చాక జాబ్ కార్డ్‌తో పాటు నాకు పంపితే, నోటీసులో ఏం రాయాలో చెబుతాను.