‘లేదు’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మసక గెలాక్సీల మీద, అంటే చాలా పలచటి వెలుగున్న గెలాక్సీల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ మాలిన్-1 అనే మసక గెలాక్సీ గురించి ‘మాలిన్-1లో హైడ్రోజన్ అణువులు లేవని శాస్త్రవేత్తలు తేల్చారు’ అన్నావే, వాళ్లు తేల్చింది అది కాదు.

నక్షత్రాలు పుట్టేది చల్లని హైడ్రోజన్ అణువుల మబ్బుల్లో. వాటి ఉష్ణోగ్రత 10, 20 కెల్విన్‌లు. హైడ్రోజన్ అణువు కాంతి వెలువరించాలంటే ముందు పై శక్తి మెట్టు ఎక్కాలి; తొలి మెట్టు ఎక్కించాలంటేనే 500 కెల్విన్‌ల స్థాయి శక్తి కావాలి. కనుక అక్కడ అది దాదాపు మూగది. అందుకే దాని వెంట ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెతుకుతారు. పాలపుంత మబ్బుల్లో 10,000 హైడ్రోజన్ అణువులకు ఒక్కటి ఉన్నా అది పలుకుతుంది.

నీ వ్యాసానికి ప్రాణం ఆ తరువాతి సంగతిలో ఉంది. నువ్వేమో ఒక్క ముక్కలో దాటేశావు. మసక గెలాక్సీల్లో చాలావాటిలో కార్బన్, ఆక్సిజన్ తక్కువ, ధూళి తక్కువ. ధూళి చాటు లేక అతినీలలోహిత కాంతి కార్బన్ మోనాక్సైడ్‌ను చీల్చేస్తుంది. హైడ్రోజన్ అణువులు మాత్రం ఒకదాని చాటున ఒకటి ఇంకాస్త తట్టుకుంటాయి. సాక్షి రానంత మాత్రాన సంఘటన జరగలేదంటామా? పైగా కార్బన్ మోనాక్సైడ్‌ను బట్టి హైడ్రోజన్‌ను లెక్కగట్టే గుణకం పాలపుంతలో కొలిచింది. మసక గెలాక్సీల్లో అది ఎంత చెల్లుతుందన్నదే అసలు తగాదా.

మాలిన్-1నే చూడు. 1986లో బయటపడింది. దూరం దాదాపు 120 కోట్ల కాంతి సంవత్సరాలు. విడి పరమాణువులుగా ఉన్న హైడ్రోజన్ వేల కోట్ల సూర్యుళ్లంత! అయినా 2000లో వెలువడిన ఫలితాల్లో, స్పెయిన్‌లోని 30 మీటర్ల ఐరామ్ రేడియో టెలిస్కోపుకు అక్కడ కార్బన్ మోనాక్సైడ్ దొరకలేదు. 2024లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల సముదాయం దాన్ని ఆ గెలాక్సీ నడిమి భాగంలో పట్టుకుంది. ఈ మధ్యలో, 2010లో, బెంగళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థకు చెందిన మౌసుమీ దాస్ బృందం మాలిన్-2 అనే మరో మసక గెలాక్సీ పళ్లెంలో కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టింది. ఇది నీ వ్యాసంలో లేకపోవడం నాకు వింతగా ఉంది.

దొరకని ఫలితాన్ని రాయడంలోనూ పనితనం ఉంది. ‘ఇంతకన్నా ఎక్కువ ఉంటే కనిపించేది’ అని రాయి. ఆ ‘ఇంత’ అనే పరిమితి ఎంతో, ఏ గుణకంతో వచ్చిందో చెప్పు. పాఠకుడికి విసుగని సంపాదకుడు కోసేయబోతే పోట్లాడు. ‘దెయ్యపు గెలాక్సీ’ అనే మాటను మాత్రం నువ్వే కోసెయ్యి, చూసి చూసి అలసిపోయాను.

రెండో ప్రతి పంపేటప్పుడు ప్రతి పరిమితి పక్కనా దాని గుణకం ఉండాలి. లేకపోతే అక్కడే ఆపి తిప్పి పంపుతాను.

నీ శ్రేయోభిలాషి