గెట్ అనే ఇంగ్లిష్ క్రియకు ఇన్ని అర్థాలుంటే గుర్తుపెట్టుకునేది ఎలా?

గెట్‌కు నలభై అర్థాలు రాసి గోడకు అంటించుకున్నానని, వారం తిరిగేసరికి సగం మరిచిపోయానని మీ ఉత్తరంలో రాశారు. ‘ఐ డోంట్ గెట్ టు సీ హర్ మచ్’ అన్న వాక్యానికి ఆ నలభైలో ఒక్కటీ అతకలేదనీ అన్నారు. ముందు ఆ కాగితం తీసేయండి. లిస్టు బట్టీపట్టి గెట్‌ను వాడటం నేర్చుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. నేనూ లిస్టుతోనే మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో జరిగిన ఒక సంగతి తర్వాత మానేశాను.

నేను తయారుచేసిన లెక్కల ఫైలు శుక్రవారం మా మేనేజర్‌కు వెళ్లాలి. ఆయన ఉండేది వేరే దేశంలో. ఫోన్‌లో ‘గెట్ ద నంబర్స్ చెక్డ్ బిఫోర్ యూ సెండ్ ఇట్’ అన్నారు. నా చెవికి అందినవి మూడే మాటలు: గెట్, నంబర్స్, చెక్. సరే సార్ అన్నాను. గురువారం రాత్రంతా కూర్చుని ఒక్కో అంకె చూశాను. కూడికలు కాగితం మీద మళ్లీ వేశాను. రెండు తప్పులు దొరికితే దిద్దాను. తెల్లవారాక పంపించాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆయన మొదట అడిగింది ‘హూ చెక్డ్ ఇట్?’ అని. నేనే చూశానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత అదే వాక్యాన్ని ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా మళ్లీ చెప్పారు. మూడో షీటులో ఒక వరుస మొత్తంలో రెండుసార్లు కలిసిపోయింది. ఆ ఫార్ములా రాసింది నేనే కాబట్టి రాత్రంతా చూసినా నా కంటికి అది తప్పుగా కనపడలేదు. పక్క సీటులో కూర్చునే మేడమ్‌కు చూపిస్తే పది నిమిషాల్లో వేలు పెట్టి చూపించారు. ఆయన నన్ను చెక్ చేయమనలేదు, చేయించమన్నారు.

చేయి, చేయించు. మధ్యలో ఉన్నది ఒక్క ‘ఇంచు’. రాయించు, కట్టించు, కుట్టించు, దిద్దించు అని మాటలు నేర్చే పిల్లలు కూడా తడుముకోకుండా అంటారు. ఆ ‘ఇంచు’ చేసే పనే ‘గెట్ ఇట్ డన్’లో గెట్ చేస్తుంది. ఈ ఒక్క ముక్క బడిలో ఎవరూ చెప్పలేదు. ‘గెట్ అనగా పొందుట’ అని మాత్రం నోట్సులో రాయించారు. నాకు ఇప్పటికీ ఈ విషయంలో కోపం తగ్గలేదు. మాట్లాడేటప్పుడు పొందుట అనే మాట ఎవరు వాడతారు? ‘నేను జ్వరం పొందాను’, ‘వాడు కోపం పొందాడు’ అని ఏ ఇంట్లో అయినా విన్నామా?

జ్వరం వస్తుంది. కోపం వస్తుంది. ఉద్యోగం వస్తుంది, ఉత్తరం వస్తుంది, మార్కులు వస్తాయి. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో గెట్ సరిపోతుంది. కాకపోతే వాక్యం తిరగబడుతుంది. మన దగ్గర వచ్చేది జ్వరం, మనిషి ‘నాకు’ అని ఒక పక్కన ఉంటాడు. ఇంగ్లిష్‌లో మనిషే కర్తగా నిలబడి ‘ఐ గాట్ ఎ ఫీవర్’ అంటాడు. ‘నాకు అర్థమైంది’ అన్నది ‘ఐ గాట్ ఇట్’ అయ్యేదీ ఇలాగే. ఈ తిరగబడటం ఒక్కసారి పట్టుబడితే లిస్టులో మీరు రాసుకున్న సగం అర్థాలు ఒకే అర్థమని తెలుస్తుంది.

ఇక మన ‘పోవు’ ఉంది. తడిసిపోయాను, అలిసిపోయాను, తప్పిపోయాడు, దొరికిపోయాడు. వరసగా గాట్ వెట్, గాట్ టైర్డ్, గాట్ లాస్ట్, గాట్ కాట్. ‘ఐ యామ్ వెట్’ అంటే తడిసి ఉన్నానని, అంతే. ‘ఐ గాట్ వెట్’ అంటే అప్పటిదాకా పొడిగా ఉన్నవాణ్ణి తడిసిపోయానని. ఒక స్థితిలోంచి ఇంకో స్థితిలోకి మారడాన్ని గెట్ చెబుతుంది. పెళ్లి చేసుకోవడం గెట్ మ్యారీడ్, పెళ్లయి ఉండటం బీ మ్యారీడ్. తెలుగులో మనం ఎప్పుడూ కలపని రెండింటిని ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే ఎందుకు కలిపేస్తామో!

అన్నిచోట్లా తెలుగు ఆదుకుంటుందని అనను. బస్సైనా కారైనా మనం ఎక్కుతాం. వాళ్లు బస్సుకు, రైలుకు, విమానానికి గెట్ ఆన్ అంటారు, కారుకు గెట్ ఇన్ అంటారు. లోపల నిలబడి నడిచే చోటుంటే ఆన్ అనుకోండి, చాలావరకు సరిపోతుంది.

అర్థాల సంఖ్య చెప్పి భయపెట్టేవాళ్ల మాట వినకండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికన్నా పొడవైన పద్దు ‘సెట్’ది. తర్వాత సవరించినప్పుడు ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేలాయి. ఆ లెక్క నిఘంటువు రాసేవాళ్లకు కావాలి, మాట్లాడేవాళ్లకు కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. గెట్‌కు ‘గాటెన్’ అనే రూపం వాడితే తప్పు అని దిద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పాత రూపమే. బ్రిటన్‌లో వాడుక తగ్గింది, అమెరికాలో నిలిచింది. అక్కడ ‘ఐ హావ్ గాట్’ అంటే నా దగ్గర ఉందని, ‘ఐ హావ్ గాటెన్’ అంటే సంపాదించానని, తేడా స్పష్టంగా ఉంటుంది. దిద్దే ఆ పెద్దమనుషులే ‘ఫర్‌గాటెన్’ అని రోజూ అంటారు. అందులో ఉన్నది ఏ రూపం మరి?

ఇప్పుడు మీ వాక్యం, ‘ఐ డోంట్ గెట్ టు సీ హర్ మచ్’. గెట్ తర్వాత ‘టు’, దాని తర్వాత క్రియ వస్తే మన ‘దొరుకు’ పెట్టి చూడండి. వీలు దొరకడం, అవకాశం దొరకడం. ఆమెను చూసే వీలు నాకు పెద్దగా దొరకడం లేదు అని దాని అర్థం. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ‘ఐ గాట్ టు గో’ అంటే వెళ్లే అవకాశం దొరికిందనీ కావచ్చు, వాడుకలో ‘నేను వెళ్లాలి’ అనీ కావచ్చు. ఫోన్ పెట్టేసే ముందు అన్నారంటే మాత్రం రెండోదే.