జావా నుంచి ఏం తేవాలి, ఏం వద్దు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో విశాఖ నుంచి సింగపూర్ మీదుగా ఇండోనేషియా జావా దీవిలోని యోగ్యకర్త వెళ్తున్నాం. తోటికోడళ్ళిద్దరికీ, ఆడపడుచుకీ బాటిక్ చీరలు తేవాలని ఉంది. చేత్తో చేసినదేదో, అచ్చు గుడ్డ ఏదో ఎలా తెలుస్తుందండీ?
– ఓ గృహిణి, రాజాం

జవాబు: ముందు చీర సంగతి తేల్చుకుందాం. జావా బాటిక్ మామూలుగా చీర కొలతలో రాదు. అక్కడివాళ్ళు నడుముకు చుట్టుకునే ‘కాయిన్ పాంజాంగ్’ రెండున్నర మీటర్ల పొడవు, మీటరుకు కాస్త ఎక్కువ పన్నా ఉంటుంది. చీరకు అయిదున్నర మీటర్లు కావాలి కదా. రెండు ముక్కలు అతికిస్తే డిజైను కలవదు, అతుకు కుచ్చిళ్ళలో కనిపిస్తుంది. దాని బదులు ముక్కను ముక్కగానే కొనండి. ఒక్కో జాకెట్టుకు 80 సెంటీమీటర్లు వేసుకుంటే ఒక ముక్కలో మూడు జాకెట్లు వస్తాయి. మన పొందూరు ఖద్దరు సాదా చీర మీదకి గోధుమరంగు బాటిక్ జాకెట్టు వేస్తే అంతకంటే అందమైనది ఉండదు. అంటే ముగ్గురికీ కలిపి ఒక్క మంచి ముక్క చాలు.

ఇక గుర్తుపట్టడం. ‘తులిస్’ అంటే చాంటింగ్ అనే చిన్న రాగి గొట్టపు కలంతో కరిగిన మైనాన్ని గుడ్డ మీద గీసి, రంగులో ముంచి, మైనం తీసేసేది. ‘చాప్’ అంటే అదే మైనాన్ని రాగి అచ్చుతో అద్దేది. మూడోది మైనం ఊసే లేని యంత్రపు అచ్చు. అంగడిలో మూడింటినీ బాటిక్ అనే పిలుస్తారు, తగువంతా అక్కడే.

గుడ్డను తిరగేయండి. యంత్రపు అచ్చుకి వెనకవైపు వెలిసినట్టుంటుంది. తులిస్‌లో మైనం రెండువైపులా గీస్తారు, రంగులో పూర్తిగా ముంచుతారు. అందుకే ఏది పై వైపో ఒక పట్టాన తెలియదు. అయితే ఈ పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు, రెండువైపులా రంగెక్కే అచ్చులూ వచ్చాయి. అందుకని ఒకే పువ్వును రెండు మూడు చోట్ల పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో గీసినదైతే చుక్కల లెక్క, గీత మందం ఎక్కడో ఒకచోట మారుతాయి. చాప్‌లో జానెడు దూరానికోసారి అదే తప్పు మళ్ళీ వస్తుంది, అచ్చూ అచ్చూ కలిసేచోట గీత కాస్త తప్పుతుంది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకపోతే అది యంత్రం పని. కొత్త తులిస్‌కి, చాప్‌కి మైనం వాసన కూడా ఉంటుంది.

చాప్ తక్కువేమీ కాదు, అదీ చేతిపనే. జాకెట్లకి, కుర్తాలకి అదే మేలు. కానీ చేత్తో గీసిన ముక్క లక్ష రుపియాలకే ఇస్తామంటే నమ్మకండి. మన లెక్కలో అది సుమారు 500 రూపాయలు. నెలల తరబడి గీసిన గుడ్డ ఆ ధరకు రాదు. ధర చీటీ మీద ‘ఆర్‌బీ’ అని ఉంటే వేలు, ‘జేటీ’ అని ఉంటే పది లక్షలు అని అర్థం. ‘150 ఆర్‌బీ’ అంటే లక్షా యాభై వేల రుపియాలు. ‘హార్గా పాస్’ అని రాసి ఉంటే బేరం లేదు.

ఎక్కడ కొనాలంటే, యోగ్యకర్తలో బెరింగ్‌హార్జో సంతలో మూడు రకాలూ దొరుకుతాయి, బేరమాడాలి. మాలియోబోరో వీధి కాలిబాట వ్యాపారులను 2022లో ‘టెరాస్ మాలియోబోరో’ భవనాల్లోకి మార్చారు. అక్కడ ఎక్కువ అచ్చు గుడ్డే, పిల్లల చొక్కాలకు పనికొస్తుంది. తులిస్ కావాలంటే నగరానికి దక్షిణంగా ఇమోగిరి వైపు గిరిలోయోకి వెళ్ళండి. ఆడవాళ్ళు వరండాల్లో కూర్చుని గీస్తుంటే చూసి మరీ కొనొచ్చు. సోలో నగరం లోకల్ రైల్లో గంటా పది నిమిషాలు. అక్కడ లావెయాన్ పేట, క్లేవెర్ సంత ఉన్నాయి.

ఒక హెచ్చరిక. మాలియోబోరో దగ్గర మర్యాదస్తుడొకడు మాట కలిపి, “విద్యార్థుల బాటిక్ బొమ్మల ప్రదర్శన, ఇవాళే ఆఖరు రోజు” అంటాడు. ఆ ఆఖరు రోజు ఏడాది పొడుగునా ఉంటుంది. బొమ్మలు మామూలువే, ధరలే చుక్కల్లో ఉంటాయి.

ఇంటికొచ్చాక సబ్బుపొడి పెట్టొద్దు, రంగు దిగిపోతుంది. జావావాళ్ళు బాటిక్‌ని ‘లెరాక్’ కాయ నురుగుతో ఉతుకుతారు. అది మన కుంకుడుకాయ జాతిదే. అయిదారు కుంకుళ్ళు గింజ తీసి అరలీటరు వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి వడకట్టి, బకెట్ చల్లనీళ్ళలో కలపండి. గుడ్డను విడిగా పది నిమిషాలు ముంచి, పిండకుండా నీడలో ఆరేయండి. ఇస్త్రీ పెట్టేటప్పుడు పైన పల్చటి గుడ్డ వేయండి.

ప్రశ్న: మా అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ఆమెకీ, ఇరుగుపొరుగుకీ అక్కడి తినుబండారాలు ఏవి తేవచ్చు? ప్యాకెట్ మీద హలాల్ గుర్తు ఉంటే మాంసం లేనట్టేనా?
– ఓ ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: కాదండీ. హలాల్ అంటే పందిమాంసం, మద్యం లేవని. గొడ్డుమాంసం, కోడి, చేప అన్నీ ఉండొచ్చు. మీకు కావలసింది ‘కొంపొసిసి’ అన్న మాట కింద ఉండే దినుసుల వరస. ఈ మాటలు ఫోనులో రాసి పెట్టుకోండి: సాపి అంటే గొడ్డు, ఆయమ్ కోడి, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, తెరాసి రొయ్యల ముద్ద, తెలుర్ గుడ్డు, సుసు పాలు. రొయ్య, తెరాసి మాత్రం మీరు అనుకోని చోటల్లా తగులుతాయి. కారం పచ్చళ్ళలో, అప్పడాల్లో, కరకరలాడే ‘తెంపే’ (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) ముక్కల్లో కూడా.

యోగ్యకర్త పేరు చెప్పగానే అందరూ తెచ్చేది బక్పియా. మైదా పొరలో పెసరపప్పు, చక్కెర కలిపిన పూర్ణం, అరచేతిలో సగం ఉంటుంది. మన పూర్ణాలు తినే నాలుకకు కొత్తగా అనిపించదు. పాతుక్ పేటలో దుకాణాల పేర్ల చివర 25, 75 అనే అంకెలు నాణ్యతకు గుర్తులు కావు, ఆ ఇళ్ళ నంబర్ల నుంచి వచ్చినవి. అసలు రకం ‘కాచాంగ్ హిజావ్’ అంటే పెసరపప్పుది. చీజ్, చాక్లెట్ రకాల్లో పాలపదార్థాలుంటాయి. ఆవిరి మీద ఉడికించే ‘కుకుస్’ రకంలో గుడ్డు ఉంటుంది, అది అమ్మగారికి వద్దు. పెసరపప్పు రకమైనా దినుసుల వరస చదివాకే కొనండి.

నిల్వ మందు లేని బక్పియా అయిదారు రోజులకు మించి ఆగదు. కాబట్టి ప్రయాణం చివరి రోజే కొనాలి. యోగ్యకర్తలో కొని బాలీ చుట్టొచ్చేవాళ్ళ పెట్టెలో బూజు పట్టేది అందుకే. ఇంకో తప్పు, పొయ్యి మీంచి దిగిన వేడి పెట్టెను అలాగే ప్లాస్టిక్ సంచిలో బిగించడం. లోపలి ఆవిరి నీరై మర్నాటికే మెత్తబడుతుంది. గంటసేపు మూత తెరిచి ఆరనివ్వండి. రిక్షావాడు చవగ్గా తీసుకెళ్తానంటే అతనికి దుకాణంలో కమిషన్ ఉందని అర్థం. ఆ కమిషన్ మీ డబ్బుల్లోంచే వస్తుంది.

అమ్మగారికి మరోటి గెప్లాక్. బంతుల్ సీమ మిఠాయి, తురిమిన కొబ్బరి, చక్కెర, అంతే. మన కొబ్బరి లౌజుకి జావా అక్క అనుకోండి. గులాబీ, ఆకుపచ్చ రంగులవి వదిలేసి బెల్లంతో చేసిన గోధుమరంగువి అడగండి. వాసన చూసి, కొబ్బరి చేదెక్కినట్టుంటే వద్దు.

గుడెగ్ డబ్బా విషయంలో మాత్రం పొరబడకండి. అది లేత పనసకాయను కొబ్బరిపాలలో, బెల్లంతో గంటల తరబడి ఉడికించిన కూర. పనసపొట్టు కూర ఇష్టపడే మనవాళ్ళు మూత బొమ్మ చూసి కొనేస్తారు. అందులో తరచుగా కోడి, గుడ్డు, ‘క్రేచెక్’ కూడా వేస్తారు. క్రేచెక్ అంటే గొడ్డు లేదా గేదె చర్మం. సోలోలో కనిపించే ‘అబోన్’ కూడా అలాంటిదే, ‘అబోన్ సాపి’ అంటే గొడ్డుమాంసం తురుము.

నిల్వ, బరువు, అమ్మగారి నియమం మూడూ చూస్తే మా మొదటి ఎంపిక ఇమోగిరి ‘వేడాంగ్ ఉవుహ్’ అనే కషాయపు దినుసుల పొట్లం. జావా భాషలో ఉవుహ్ అంటే చెత్త. ఎండిన లవంగాకు, దాల్చినాకు, జాజికాయ ఆకు చూస్తే నిజంగానే వాకిలి ఊడ్చిన చెత్తలా ఉంటుంది. దానితో అల్లం, పటికబెల్లం, నీళ్ళను ఎర్రగా మార్చే సెచాంగ్ చెక్క. ఒక పొట్లాన్ని గ్లాసున్నర నీళ్ళలో అల్లం చితక్కొట్టి గ్లాసయ్యేదాకా మరిగిస్తే చాలు. విడి ఆకులు కాకుండా కంపెనీ సీలు, ముగింపు తేదీ ఉన్న ప్యాకెట్లే కొనండి, కస్టమ్స్ దగ్గర జవాబు చెప్పడం తేలిక. ‘బాయిక్ డిగునాకన్ సెబెలుమ్’ పక్కన ఉన్నది గడువు తేదీ.

ప్రశ్న: లువాక్ కాఫీ తేవాలా?
– ఓ విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జవాబు: వద్దండీ. పునుగుపిల్లి కాఫీ పండ్లు తిని విసర్జించిన గింజలతో చేసేది లువాక్ కాఫీ. ఆ పిల్లులను బోనులో పెట్టి కాఫీ పండ్లే మేపే చోట్లు చాలా ఉన్నాయి, పైగా పొడి చేశాక అసలేదో నకిలీ ఏదో చెప్పడం కష్టం. దాని ధరలో నాలుగో వంతుకు తూర్పు జావా ఇజెన్ ప్రాంతపు గింజలు కొనండి. గింజలే (బీజీ) కొనండి, పొడి (బుబుక్) వద్దు. అక్కడి పొడి కప్పులో మరిగే నీళ్ళు పోసి మడ్డి దిగనిచ్చి తాగడానికి బాగా మెత్తగా ఆడింది. మన స్టీలు ఫిల్టరులో వేస్తే రంధ్రాలు మూసుకుపోయి డికాక్షన్ దిగదు. వేయించినవే తీసుకోండి. పచ్చి గింజలు విత్తనాల కింద లెక్క, దిగుమతి అనుమతి అడుగుతారు.

ప్రశ్న: మా అబ్బాయికి జావా తోలుబొమ్మ, క్రిస్ కత్తి కావాలట. ఏం చూసి కొనాలి?
– ఓ పాఠకుడు, నరసన్నపేట

జవాబు: కత్తి వద్దు. పాతవాటికి సంప్రదాయంగా నిమ్మరసంతో ఆర్సెనిక్ పట్టిస్తారు, పిల్లలు ముట్టుకునే వస్తువు కాదు. 50 ఏళ్ళు దాటిన వస్తువైతే వారసత్వ సంపద చట్టం అడ్డొచ్చి ఇండోనేషియా నుంచి బయటకు తేవడానికి అనుమతి కావాలి. కొత్తదైనా ఆయుధమే కాబట్టి ప్రతి విమానాశ్రయంలో తంటా.

బొమ్మ తెండి. మన తోలుబొమ్మలు పల్చటి మేకతోలువి, రంగుల నీడ వేస్తాయి. జావా తోలుబొమ్మ ‘వయాంగ్ కులిత్’ గేదెతోలుది, మందం. దాని అందమంతా ఉలితో తొలిచిన చిల్లుల్లోనే. దీపానికి ఎదురుగా పట్టండి. చిల్లుల అంచులు నున్నగా, కిరీటం చివరిదాకా పని సన్నగా ఉంటే మంచిది. చిల్లులు తక్కువై బంగారు రంగు ఎక్కువైతే బజారు సరుకు. పట్టుకునే పుల్ల మంచివాటికి కొమ్ముది, చవకవాటికి వెదురుది. అంచును గోటితో గీరితే పీచు లేస్తే అది అట్ట. గిరిలోయో పక్కనే ఉన్న పుచుంగ్‌లో ఇళ్ళ దగ్గరే చేస్తారు, కాబట్టి ఒకే పూటలో బాటిక్, బొమ్మ, ఉవుహ్ మూడూ అయిపోతాయి. పాత్ర పేరు అడిగి రాయించుకోండి. మన భారతంలోని శిఖండి అక్కడి కథలో ‘శ్రీకండి’, అర్జునుడి భార్య; ఇంటికొచ్చాక అబ్బాయి తాతగారితో గొడవపడతాడు.

మన తీరపు తేమకు తోలు వంకరపోతుంది. రెండు అట్టల మధ్య బల్లపరుపుగా పెట్టి తెచ్చి, గాజు చట్రంలో వెనక కాస్త గాలి ఆడేలా కట్టించండి. వానాకాలంలో బూజు కనిపిస్తే పొడిగుడ్డతో తుడవాలి, తడిగుడ్డ పెడితే రంగు లేస్తుంది.

ప్రశ్న: యోగ్యకర్తలోని కోటాగెడె పేట వెండి, సలాక్ పళ్ళు తేవచ్చా?
– ఓ పాఠకురాలు, టెక్కలి

జవాబు: వెండికి 925 ముద్ర చూసి, ఎదురుగా తూకం వేయించి, బిల్లు తీసుకోండి. ‘తెంబాగా’ అంటే రాగి, దానికి వెండి పూతే ఉంటుంది. సలాక్ పళ్ళు (పాముచర్మం లాంటి తొక్క ఉండేవి) అక్కడే తినేయండి, తాజా పళ్ళు అనుమతి లేకుండా దేశంలోకి తేకూడదు. వాటి చిప్స్ సంచుల్లో దొరుకుతాయి. గాలి నింపిన సంచులు కాబట్టి పెట్టెలో అడుగున వేస్తే పొడే మిగులుతుంది, బట్టల పైన పెట్టండి.