స్కెచప్‌లో లేయర్ ఆఫ్ చేసినా స్లాబ్ గోడ వెంట సాగుతోంది, కిటికీ అవతలికి తెరుచుకోవట్లేదు: ఎక్కడ చూడాలి, ఎట్ల సరిచేయాలి

మీరు అడిగింది కుదించి చెప్తే ఇది. మిర్యాలగూడలో 30×60 ప్లాటు, 200 గజాలు, జీ ప్లస్ వన్. పర్మిషన్ కోసం ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాంలో గీయించిన ప్లాన్‌ను స్కెచప్ అనే 3డీ మోడలింగ్ ప్రోగ్రాంలోకి తెచ్చి, దాని మీదనే గోడలు లేపారు. ఇప్పుడు బయటి 9 ఇంచుల గోడను జరిపితే, ఆఫ్ చేసిన లేయర్‌లోని స్లాబ్ కూడా సాగుతోంది. కిటికీ పెడితే బయటి వైపు తెగుతోంది, లోపలి వైపు గోడ మూసుకునే ఉంటోంది. ఒక గదికి ఫ్లోర్ ఫేస్, అంటే గీతల నడుమ పరుచుకునే తలం, పడట్లేదు. మెట్లు పై అంతస్తుకు అందట్లేదు.

మెట్లది లెక్క తప్పు, అది కింద చెప్తాను. మిగతా మూడింటికీ మూలం ఒక్కటే: స్కెచప్‌కు గోడ అంటే ఏంటో తెలియదు. రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ ప్రోగ్రాంలో గోడ గీస్తే అది ఇటుక మందం, ప్లాస్టర్ మందం అన్నీ ఉన్న ఒక వస్తువు. స్కెచప్‌లో మీరు గోడ అనుకునేది కొన్ని గీతలు, వాటి నడుమ పరుచుకున్న ఫేసులు, అంతే. ఒక గీత ఇంకో గీతను తాకిందంటే అతుక్కుంటుంది. దాన్ని విడిగా ఉంచేది గ్రూపు లేదా కాంపొనెంట్ (గీతలు, ఫేసులను ఒకే వస్తువుగా కట్టిపెట్టేవి) మాత్రమే. లేయర్ పని దాచడం, చూపించడం వరకే. 2020 వెర్షన్ నుంచి వీటిని ట్యాగ్స్ అంటున్నారు, ఇక్కడ నేనూ అదే మాట వాడతాను. ఆటోక్యాడ్ అలవాటున్నవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అక్కడ గోడలకొక లేయర్, స్లాబుకొక లేయర్ పెడితే పని అయిపోతుంది. ఇక్కడ స్లాబ్ ట్యాగ్ ఆఫ్ చేసినా, దాని అంచులు గోడ తలకు అతుక్కునే ఉంటాయి. కనిపించవు గానీ గోడ కదిలితే వెంట వస్తాయి.

డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ ఫైల్ నుంచి వచ్చిన గీతలు ఆటోక్యాడ్ లేయర్ పేర్లనే ట్యాగులుగా మోసుకొస్తాయి. వాటిని ఎక్స్‌ప్లోడ్ చేసి (విడి గీతలుగా విడగొట్టి), ఆ గీతల మీదనే పుష్‌పుల్ (ఫేస్‌ను లాగి లేపే, నెట్టే టూల్) కొడితే గోడ అంచులు ఒక ట్యాగులో, ఫేసులు ఇంకో ట్యాగులో పడతాయి. మీ ఫైల్‌లో స్లాబ్ సాగడం దాని లక్షణమే.

సరిచేయాలంటే ముందు ఫైల్‌కు ఒక కాపీ సేవ్ చేసుకోండి. ట్యాగ్స్ ప్యానెల్‌లో పెన్సిల్ గుర్తును అన్‌ట్యాగ్డ్ మీద పెట్టండి. పని అయ్యేవరకే కాదు, ఎప్పటికీ అక్కడి నుంచి తీయొద్దు. అన్ని ట్యాగులూ ఆన్ చేసి, ఎడిట్ మెనూలో అన్‌హైడ్ ఆల్ కొట్టండి. ఆటోక్యాడ్ నుంచి వచ్చిన ట్యాగులన్నీ ఎంచుకుని డిలీట్ చేయండి. అందులో ఉన్న వస్తువులను ఏం చేయాలని అడుగుతుంది. వాటినీ డిలీట్ చేసే ఎంపిక కాకుండా, అన్‌ట్యాగ్డ్‌కు మార్చే ఎంపిక తీసుకోండి. ఇక్కడ తొందరపడితే గోడలే పోతాయి, చదివి నొక్కండి. దీంతో గీతలు, ఫేసులు అన్నీ ఒక్కచోటికి వస్తాయి.

ఇప్పుడు విడదీయాలి. గోడ మీద మూడుసార్లు క్లిక్ చేస్తే అతికినవన్నీ, అంటే స్లాబ్ కూడా సెలెక్ట్ అవుతుంది కాబట్టి అది పనికిరాదు. కెమెరా మెనూలో ప్యారలల్ ప్రొజెక్షన్ పెట్టి ఫ్రంట్ వ్యూకు రండి. స్లాబ్ మందం వరకు ఎడమ నుంచి కుడికి డబ్బా లాగండి. ఎడమ నుంచి లాగితే పూర్తిగా డబ్బాలో పడ్డవే వస్తాయి, కుడి నుంచి లాగితే తాకినవన్నీ వస్తాయి. సెలెక్ట్ అయినదాన్ని మేక్ గ్రూప్ చేసి, ఆ గ్రూపుకు మాత్రమే స్లాబ్ ట్యాగ్ ఇవ్వండి. గ్రూపు చేశాక గోడ తల మీద ఫేస్ లేకుండా ఖాళీ కనిపిస్తే, దాని ఒక అంచు మీద లైన్ టూల్‌తో మళ్లీ గీయండి, ఫేస్ తిరిగి వస్తుంది.

రెండు అంతస్తులూ ఇట్లనే కలిసిపోయి ఉంటే మాత్రం విడదీస్తూ కూర్చోవద్దు, మళ్లీ గీయడమే తొందరగా అవుతుంది. డీడబ్ల్యూజీని ఆటోక్యాడ్‌లోనే ఫ్లాటెన్ (అన్నీ ఒకే ఎత్తుకు తేవడం), ఓవర్‌కిల్ (ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు తీసేయడం), పర్జ్ (వాడనివి తీసేయడం) చేసి, స్కెచప్‌లోకి తెచ్చాక మొత్తాన్ని ఒక గ్రూపు చేసి లాక్ కొట్టండి. దానికొక ట్యాగ్ ఇచ్చి, పైన కొత్తగా గీయండి. టేప్ మెజర్‌తో ఒక తెలిసిన కొలత చూడండి. 30 ఫీట్ల వైపు 2 ఫీట్ల 6 ఇంచులు చూపిస్తే, ఫీట్లలో గీసినదాన్ని ఇంచులుగా తీసుకుందని అర్థం. కొలిచిన వెంటనే అసలు కొలత టైపు చేసి ఎంటర్ కొడితే మోడల్ సైజు మార్చాలా అని అడుగుతుంది, అవును అనండి. దిగుమతి అయినది ఒరిజిన్‌కు, అంటే మూడు అక్షాలు కలిసే చోటుకు చాలా దూరంలో పడితే, ముందు దాన్ని ఒరిజిన్ దగ్గరికి జరపండి. దూరంలో ఉంచి గీస్తే జూమ్ చేసినప్పుడు గోడలు మధ్యలో తెగిపోయినట్టు కనిపిస్తాయి.

గోడలు లేపేటప్పుడు ఇంటి బయటి గీత ఒక మూసిన ఫేస్‌గా గీసి, ఆఫ్‌సెట్ (అంచులకు సమాంతరంగా గీతలు వేసే టూల్) లోపలికి లాగి 9 తర్వాత ఇంచు గుర్తు పెట్టి ఎంటర్ కొట్టండి. టెంప్లేట్ మిల్లీమీటర్లలో ఉండి గుర్తు లేకుండా 9 కొడితే 9 మిల్లీమీటర్ల గోడ వస్తుంది. లోపలి ఫేస్ డిలీట్ చేసి, మిగిలిన పట్టీని 10 ఫీట్లు పుష్‌పుల్ చేసి, అప్పుడే, ఇంకేదీ తాకకముందే గ్రూపు చేయండి. లోపలి నాలుగున్నర ఇంచుల గోడలు వేరే గ్రూపు. అవి బయటి గోడ లోపలి ముఖం వరకే రావాలి, అందులోకి దూరకూడదు. రెండు గోడలు కలిసేచోట పైనుంచి గీత కనిపిస్తే కనిపించనివ్వండి. ఆ గీత ఇబ్బంది అనిపిస్తే సాలిడ్ టూల్స్‌లో ఔటర్ షెల్‌తో రెండింటినీ ఒకటి చేయొచ్చు. కానీ ఆ తర్వాత గోడ జరపాలంటే కష్టం కాబట్టి, ప్లాన్ ఖాయమయ్యేదాకా నేనైతే చేయను.

గోడ సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి, ఎంచుకున్నదాని వివరాలు చూపే ఎంటిటీ ఇన్ఫో ప్యానెల్ చాలు. అందులో సాలిడ్ గ్రూప్ అని, దాని వాల్యూమ్ చూపించాలి. 10 ఫీట్ల పొడవు, 10 ఫీట్ల ఎత్తు, 9 ఇంచుల గోడ అయితే 75 ఘనపు అడుగులు రావాలి. ఇంచుల్లో చూపిస్తే 1,29,600. ఉత్త గ్రూప్ అని వచ్చిందంటే ఎక్కడో ఫేస్ లేదు, లేదా లోపల పనికిరాని ఫేస్ ఒకటి అడ్డంగా ఉంది. నాలుగు వైపులా నాలుగు వేరే గ్రూపులుగా గోడలు పెట్టి మూలల్లో ఒకదాంట్లో ఒకటి దూర్చితే, ఒక్కో మూలకు 5.6 ఘనపు అడుగుల పైన ఇటుక రెండుసార్లు లెక్కకొస్తుంది. నాలుగు మూలలకు కలిపి 22.5. ఎస్టిమేట్ తేడా వచ్చిందని మేస్త్రీతో గొడవ పడేముందు ఇది చూసుకోండి. పిల్లర్లదీ ఇదే సంగతి: 9×12 పిల్లర్ గోడలో ఉంటే అంతమేర గోడను కోయాలి. 9 ఇంచుల వైపు బయటి గోడ మందంలో కలిసిపోతుంది గానీ, నాలుగున్నర గోడ దగ్గర మిగతా నాలుగున్నర ఇంచులు గదిలోకి వస్తాయి. అది ఏ గదిలోకి రావాలో మోడల్‌లోనే తేల్చుకోండి, లేకుంటే బీరువా పెట్టే మూలలో తేలుతుంది.

ఇక కిటికీ. కాంపొనెంట్‌కు కట్ ఓపెనింగ్ (అతికినచోట ఫేస్‌ను కోసే సెట్టింగ్) ఉన్నా, అది అతికిన ఒక్క ఫేస్‌నే కోస్తుంది. ఇది మీ ఫైల్ తప్పు కాదు, ప్రోగ్రాం తీరే అంత. రంధ్రం మీరే చేయాలి. గోడ గ్రూపులోకి డబుల్ క్లిక్ చేసి వెళ్లి, ఫ్లోర్ నుంచి 3 ఫీట్ల ఎత్తులో 4×4 ఫీట్ల చతురస్రం గీయండి. పై అంచు 7 ఫీట్ల దగ్గర, లింటెల్ అడుగుకు సరిపోతుంది, దర్వాజ తలలతో ఒకే వరుసలో వస్తుంది. దాన్ని పుష్‌పుల్‌తో లోపలికి సరిగ్గా 9 ఇంచులు నెట్టండి, లేదా అవతలి ముఖం అంచు మీద క్లిక్ చేయండి. రంధ్రం దానంతటదే తెరుచుకుంటుంది.

తెరుచుకోలేదంటే ఈ వరుసలో చూడండి. గ్రూపు బయట ఉండి గీశారా? అప్పుడు గోడకు ఏమీ కాదు, గోడలో ఇంకో డబ్బా దూరి ఉంటుంది, అంతే. ఎక్కువమందికి ఇదే జరుగుతుంది. తర్వాత గోడ మందం కొలవండి. అంకె ముందు వంకర గీత, అంటే ఉజ్జాయింపు గుర్తు వస్తే గోడ సరిగ్గా 9 ఇంచులు లేదు, కొంచెం తక్కువో ఎక్కువో ఉంది. మోడల్ ఇన్ఫో, యూనిట్స్‌లో లెంగ్త్ స్నాపింగ్ తీసేసి, కొలతలు ఎప్పుడూ టైపు చేయండి, చేత్తో లాగి వదలొద్దు. మూడోది, గోడ రెండు ముఖాలు సమాంతరంగా లేవు. పుష్‌పుల్ సమాంతరంగా ఉన్న ముఖాన్ని తాకితేనే రంధ్రం పడుతుంది. పాత బస్తీ ప్లాట్లు ముందు 30 ఉంటే వెనక 29 ఫీట్ల 4 ఇంచులు ఉండటం మామూలే కదా. హద్దు గీతను బయటి ముఖంగా, ఇంటి గీతను లోపలి ముఖంగా వాడితే ఒక చివర 9, ఇంకో చివర 10 అయ్యే గోడ వస్తుంది. హద్దు గీత నుంచి ఆఫ్‌సెట్ చేస్తే ముఖాలు సమాంతరంగానే ఉంటాయి. ఇవేవీ కాకపోతే, నెట్టిన డబ్బా అవతలికి పొడుచుకొచ్చేలా చేసి, ఇంటర్‌సెక్ట్ ఫేసెస్ విత్ మోడల్ కొట్టి మిగిలిన ముక్కలు డిలీట్ చేయండి.

ఫ్లోర్ ఫేస్ పడని గదిలో నాలుగు మూలల్లో ఒకటి కొంచెం పైకో కిందికో ఉంటుంది, లేదా గీతల మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. టెక్స్ట్ టూల్‌తో ఒక్కో మూల మీద క్లిక్ చేస్తే కోఆర్డినేట్లు వస్తాయి, మూడో అంకె నాలుగింటికీ ఒకటే ఉండాలి. స్టైల్స్‌లో ఎడ్జ్ రంగును బై యాక్సిస్ పెడితే వంకర పోయిన గీత నల్లగా మిగిలి పట్టుబడుతుంది. వంకర ప్లాటు హద్దులు ఎట్లాగూ నల్లగానే ఉంటాయి, వాటిని వేరే గ్రూపులో పెట్టి పట్టించుకోకండి.

మెట్ల సంగతికి వస్తే, మీరు రాసిన కొలతల్లో స్లాబ్ మందం లేదు. బేస్మెంట్ 2 ఫీట్ల 6 ఇంచులు, దాని మీద గోడ 10 ఫీట్లు, మొత్తం 12 ఫీట్ల 6 ఇంచులు. మీరు పై అంతస్తు గోడలు అక్కడే మొదలుపెట్టారు. అది స్లాబ్ అడుగు. 5 ఇంచుల స్లాబ్ కలిపితే 12 ఫీట్ల 11 ఇంచుల దగ్గర మొదలవ్వాలి. మెట్లు ఎక్కాల్సింది 10 ఫీట్ల 5 ఇంచులు, అంటే 125 ఇంచులు. 18 మెట్లు వేస్తే ఒక్కోటి 6.94 ఇంచులు, 10 ఇంచుల పాదంతో 17 పాదాలకు 14 ఫీట్ల 2 ఇంచుల పొడవు కావాలి. మీ 120 ఇంచుల లెక్కతో 5 ఇంచులు తక్కువ పడుతున్నాయి, అందుకే అందట్లేదు. కింద తాండూరు బండలు, పైన టైల్స్ వేసే ఆలోచన ఉంటే మందాల తేడా మొదటి మెట్టు మీదో చివరి మెట్టు మీదో పడుతుంది, అదీ కలుపుకోండి.

ప్లాస్టర్‌కు వేరే లేయర్ గీయాలా అని కూడా అడిగారు. ఇటుక పని, పర్మిషన్ వరకైతే వద్దు. మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌ల కోసం అయితే కావాలి: లోపల 12 మిల్లీమీటర్లు, బయట 20 వేస్తే 9 ఇంచుల గోడ పదింపావు ఇంచులు అవుతుంది, 10×12 గది రెండు వైపులా ఇంచు చొప్పున తగ్గుతుంది. ప్లాస్టర్‌ను వేరే గ్రూపుగా చేస్తే కిటికీ రంధ్రం దాంట్లోనూ మళ్లీ చేయాలి, గోడలో చేసింది దానికి పనిచేయదు. మోడల్‌లో ఎంత కచ్చితంగా గీసినా, గోడ గుండుకు తప్పినచోట మేస్త్రీ ప్లాస్టర్ ఎక్కువ పెట్టి సరిచేస్తాడు. కిచెన్ ఆర్డర్ ఇచ్చేముందు ప్లాస్టర్ అయ్యాక సైట్‌లో టేపుతో కొలవాల్సిందే.

ఫ్లోరు మెరుస్తూ టైల్ ఒకసారి, స్లాబ్ ఒకసారి కనిపిస్తే రెండు ఫేసులు ఒకే ఎత్తులో ఉన్నట్టు, టైల్‌ను దాని మందమంత లేపండి. గోడ నీలి బూడిద రంగులో కనిపిస్తే ఫేస్ తిరగబడింది, రివర్స్ ఫేసెస్ కొట్టండి, లేకుంటే రెండరింగ్‌లో తేడా చేస్తుంది. కిటికీలు గోడ గ్రూపు లోపల ఉంటే గోడ ట్యాగ్ ఆఫ్ చేసినప్పుడు అవీ పోతాయి, వాటి ట్యాగ్ ఆన్‌లో ఉన్నా సరే. విడిగా చూడాలంటే వాటిని గ్రూపు బయట పెట్టండి. సీన్లు (సేవ్ చేసుకున్న వ్యూలు) చేసుకున్నాక కొత్త ట్యాగ్ కలిపితే అది పాత సీన్లన్నింటిలోనూ కనిపిస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ సీన్ మీద పిట్టగోడ తేలుతుంటే కంగారు పడకుండా, ఆ ట్యాగ్ ఆఫ్ చేసి సీన్ అప్‌డేట్ చేయండి.